పంపు మార్చకు, ముందు గేజ్ పెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నువ్వు సొంతంగా వెల్డింగ్ చేసుకుని నిలబెట్టిన, ఆయిల్ ప్రెషర్‌తో కట్టెలు చీల్చే మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు బాగానే నడుస్తోందనీ, మొద్దు తగలగానే సిలిండర్‌లోంచి వచ్చి దాన్ని తోసే రాడ్ నిలబడిపోతోందనీ, పంపు పోయినట్టుంది కాబట్టి కొత్తది కొంటాననీ రాశావు. కాస్త ఆగు. పంపు కొనడం ఆఖరి పని. ఇంట్లో తయారైన మిషన్లలో చాలాసార్లు పంపుకి ఆయిల్ సరిగా అందదు, లేదా అది తోసిన ఆయిల్ సిలిండర్ మీద పనిచేయకుండా ట్యాంకుకి తిరిగి వెళ్లిపోతుంది. ఈ రెండింట్లో ఏది జరుగుతోందో ప్రెషర్ చూపించే గేజ్ లేకుండా ఎంత అనుభవం ఉన్నవాడైనా ఊహించాల్సిందే.

పంపుకీ, లివర్ ఉండే కంట్రోల్ వాల్వుకీ మధ్య T ఆకారపు జాయింటు ఒకటి వేసి, 350 బార్ (ప్రెషర్ కొలత) దాకా చూపించే గేజ్ బిగించు. గ్లిజరిన్ నింపినదే తీసుకో, లేకపోతే అదురుకి ముల్లు త్వరగా పాడవుతుంది. జాయింట్ల మరల దగ్గర టెఫ్లాన్ టేపు చుట్టకు. దాని పీలికలు ఊడి వాల్వులో ఇరుక్కుంటాయి. పేస్టు సీలెంట్ వాడు.

ఏది విప్పినా ముందు ఇంజన్ ఆపి, లివర్‌ని అటూ ఇటూ ఆడించి ప్రెషర్ పూర్తిగా వదిలెయ్. హోస్‌లో సన్న చిల్లు ఉందని అనుమానం వస్తే చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. ఆ ప్రెషర్‌లో ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా, నొప్పి లేకపోయినా, అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. తగిలిన వెంటనే ఆసుపత్రికి పోవాలి, తెల్లారాక చూద్దామనుకోకూడదు. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు.

ఇప్పుడు రాడ్‌ని పూర్తిగా బయటికి పంపి, చివరికొచ్చి ఆగాక లివర్‌ని ఒకట్రెండు సెకన్లు అలాగే పట్టుకో. అంతకు మించి పట్టుకుంటే ఆయిల్ కాగిపోతుంది. ఇలాంటి మిషన్లకి రిలీఫ్ వాల్వ్, అంటే ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసే వాల్వ్, మామూలుగా 2,500 పీఎస్ఐ (ఇదీ ప్రెషర్ కొలతే) దరిదాపుల్లో సెట్ చేసి ఉంటుంది, అంటే సుమారు 170 బార్. ముల్లు అక్కడిదాకా వెళ్లిందంటే నీ పంపు నిక్షేపంగా ఉన్నట్టే. అప్పుడు సిలిండర్ సైజు చూడు. ఆ ప్రెషర్‌కి 3 అంగుళాల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 8 టన్నుల బలమే ఇస్తుంది, 4 అంగుళాలది 14 టన్నులు, 5 అంగుళాలది 22 టన్నులు. ముడులున్న లావుపాటి మొద్దు 8 టన్నులకి లొంగకపోతే అది పంపు తప్పు కాదు.

ముల్లు పైకి ఎక్కకుండా, ఇంజన్ మీద బరువేమీ పడనట్టు తిరుగుతుంటే మొదట రిలీఫ్ వాల్వ్ విప్పు. కొత్త మిషన్లలో వెల్డింగ్ పొక్కు, గ్రైండింగ్ రజను వచ్చి సరిగ్గా దాని సీటు మీదే కూర్చుంటాయి. తుడిచి బిగించాక కూడా మార్పు లేకపోతే సిలిండర్ లోపల పిస్టన్ చుట్టూ ఆయిల్ జారకుండా ఆపే సీల్ చూడాలి. రాడ్ పూర్తిగా బయట ఉండగా ఇంజన్ ఆపి, ప్రెషర్ వదిలి, రాడ్ వైపు హోస్‌ని సిలిండర్ దగ్గర విప్పు. హోస్ మూతికి ప్లగ్ బిగించి, సిలిండర్ రంధ్రం కింద బకెట్ పెట్టు. పక్కకి జరిగి నిలబడి, ఇంజన్ నెమ్మది మీద ఉంచి లివర్‌ని ముందుకే తొయ్యి. లోపల మిగిలిన ఆయిల్ కాస్త కారి ఆగిపోతే సీల్ బాగున్నట్టు. ధార ఆగకుండా వస్తుంటే పిస్టన్ సీల్ పోయింది, సీల్ కిట్‌తో సరిపోతుంది.

టూ స్టేజ్ పంపు, అంటే లోపల పెద్ద గేర్లూ చిన్న గేర్లూ రెండూ ఉన్నది అయితే, మొద్దు తగలగానే రాడ్ నెమ్మదించడం రోగం కాదు. ప్రెషర్ పెరగగానే పెద్ద గేర్ల ఆయిల్ పక్కకి మళ్లి, చిన్న గేర్లు మాత్రమే తోస్తాయి. వేగం తగ్గి బలం పెరగాలి. అక్కడ ఇంజనే ఆగిపోతుంటే ఆ మళ్లించే అన్‌లోడర్ వాల్వ్ ఇరుక్కుందని అనుమానించు.

అన్నిటికంటే నాకు అనుమానం సక్షన్ వైపే, అంటే పంపు ట్యాంకులోంచి ఆయిల్ పీల్చుకునే వైపు. నడుస్తున్నప్పుడు పంపు గులకరాళ్లు నములుతున్నట్టు చప్పుడు చేస్తోందా? ట్యాంకులో నురగ ఉందా? సక్షన్ లైన్ గాలిని పీల్చుకుంటుందే తప్ప బయటికి ఆయిల్ కారదు, అందుకే ఆ లీకు కంటికి కనపడదు. ఇంజన్ ఆపి ఒక్కో జాయింటుకీ చిక్కగా గ్రీజు పూసి మళ్లీ నడుపు. ఎక్కడ పూశాక చప్పుడు మారితే అక్కడే గాలి పీలుస్తోంది. లోపల తీగ చుట్టు లేని మెత్తని హోస్ వేసి ఉంటే ఆ పీల్పుకి అణిగిపోతుంది, మార్చెయ్. ట్యాంకులోని జాలీ మూసుకుపోయిందేమో చూడు. ఆయిల్ ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ పైపు ఆయిల్ మట్టానికి పైనుంచి పడుతుంటే దాన్ని లోపల మునిగేలా పొడిగించు. సీసాలో కొంత ఆయిల్ పట్టి కాసేపు కదపకుండా ఉంచు. నురగైతే తేరుకుంటుంది, పాలలా తెల్లగానే ఉండిపోతే నీళ్లు కలిశాయి, ఆయిల్ మొత్తం మార్చాల్సిందే.

గేజ్ పెట్టాక మూడు అంకెలు రాసి పంపు: రాడ్ ఖాళీగా కదులుతున్నప్పుడు ఎంత, మొద్దు దగ్గర నిలబడినప్పుడు ఎంత, చివరికొచ్చి ఆగాక ఎంత. మొద్దు దగ్గర ఇంజన్ ఆగిపోతోందా, తిరుగుతూనే ఉందా అన్నది నువ్వు రాయలేదు, అదీ రాయి.