‘ద పెన్నీ డ్రాప్డ్’ అంటే ఏమిటి? పెన్నీకీ అర్థం కావడానికీ ఏం సంబంధం?

అప్పటిదాకా బుర్రకెక్కని విషయం ఉన్నట్టుండి అర్థమైతే ఇంగ్లండ్‌లో ఇలా అంటారు. మాటకు మాట చూస్తే ‘పెన్నీ పడింది’ అని, పెన్నీ అంటే అక్కడి చిల్లర నాణెం. నేను మాంచెస్టర్‌లో జీతాల లెక్కలు చూసే పనిలో చేరిన కొత్తలో మొదటిసారి విన్నాను. రెండు రోజులుగా ఒక మొత్తం దగ్గర తేడా వస్తోంది, పక్క సీటావిడ అప్పటికే రెండుసార్లు విడమర్చి చెప్పింది, మూడోసారి చెబుతుండగా నాకు వెలిగింది: నేను మన అలవాటు కొద్దీ ఏప్రిల్ 1 నుంచి లెక్క తీస్తున్నాను, అక్కడ పన్ను సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్ 6న! నా మొహం చూసి ఆవిడ ఈ మాటే అంది.

ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, ఇది నాణెం వేస్తే పనిచేసే మెషీన్ల నుంచి వచ్చింది. 1880ల్లో లండన్ స్టేషన్లలో పెన్నీ వేస్తే పోస్ట్‌కార్డు ఇచ్చే మెషీన్లు పెట్టారు, తర్వాత చాక్లెట్లవీ వచ్చాయి. ఆ కాలపు పెన్నీ మన రూపాయి బిళ్ల కంటే బాగా వెడల్పు, 31 మిల్లీమీటర్ల దాకా ఉండేది. అది మధ్యలో ఇరుక్కుంటే మెషీన్ కదలదు, లోపలికి పడితేనే పని మొదలు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే విజయవాడ స్టేషన్‌లో బరువు చూసే మెషీన్ కళ్లముందు మెదిలింది. రంగు లైట్లు, గిరగిరా తిరిగే చక్రం. రూపాయి వేసి కదలకుండా నిలబడేవాణ్ణి. ఒక్కోసారి ఏమీ జరిగేది కాదు, నాన్న పక్కనుంచి అరచేత్తో ఒక్కటి చరిస్తే లోపల గలగలమని చప్పుడై, టక్కున అట్టముక్క టికెట్టు బయటికొచ్చేది. రూపాయి వేసి చాలాసేపయింది, పడింది మాత్రం ఇప్పుడు. ఆ ఆలస్యంలోనే ఈ మాటకున్న అసలు అర్థం ఉంది.

అందుకే కొత్త ఐడియా తట్టినప్పుడు దీన్ని వాడకండి. విషయం ముందే చెవిన పడి, ఆలస్యంగా అర్థమైనప్పుడే వాడాలి. మనవాళ్లు ‘ట్యూబ్‌లైట్ ఇప్పుడు వెలిగిందా’ అంటారు చూడండి, నా దృష్టిలో దానికి ఇంతకంటే దగ్గరి మాట లేదు, ఎందుకంటే అదీ స్విచ్ వేశాక నాలుగుసార్లు మినుకుమినుకుమని గానీ వెలగదు.

బ్యాంకు యాప్‌లలో ‘పెన్నీ డ్రాప్’ అని కనిపించేది వేరే సంగతి. ఖాతా సరైనదో కాదో చూడటానికి అందులో ఒక రూపాయి వేస్తారు, అంతే.