యాంటీబయాటిక్స్ తర్వాత కుదుటపడని కడుపు: ప్రోబయాటిక్స్, మైక్రో ఆర్‌ఎన్‌ఏల గురించి నాకు తెలిసింది

యాంటీబయాటిక్స్ కోర్సు అయిపోయి మూడు వారాలైనా కడుపు కుదుటపడలేదని రాశారు. కొత్తగా కొన్న ప్రోబయాటిక్ (మేలు చేస్తాయని మింగే బతికున్న సూక్ష్మజీవులు) డబ్బా మీద 'మైక్రో ఆర్‌ఎన్‌ఏల స్థాయిలో పనిచేస్తుంది' అని ఉందట, అది నమ్మొచ్చా అని అడిగారు. నాకు రెండు వైపులా కొంత అనుభవం ఉంది. ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే ల్యాబ్‌లో నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ ఉన్నప్పుడే పంటి ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్ వాడి, నెలన్నర పాటు మీరు పడుతున్న ఇబ్బందే పడ్డాను.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల సంగతి నిజమే. కానీ అది చూపించి, ఈ డబ్బాలోని క్యాప్సూల్ మీకు పనిచేస్తుందని చెప్పడానికి లేదు.

ఆర్‌ఎన్‌ఏ అంటే కణాల్లో జన్యు సమాచారాన్ని అక్షరాల వరసలా మోసే అణువు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే అందులో సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ముక్క. ఏ ప్రోటీన్ తయారు చేయాలో చెప్పే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి ఇది అతుక్కుని, ఆ ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దీన్ని మొదట గుర్తించాయి. చాలా ఏళ్లు అది ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. వాళ్లిద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

పేగు లోపలి పొర మందం ఒక్క కణమే. ఆ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. పక్కపక్క కణాల మధ్య సందు లేకుండా పట్టి ఉంచే ప్రోటీన్లలో ఆక్లూడిన్ ఒకటి. వాపు వచ్చినప్పుడు విడుదలయ్యే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం పేగు కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122ఏని పెంచుతుంది. అది వెళ్లి ఆక్లూడిన్ తయారీకి ఉన్న ఆదేశాన్నే చెరిపేస్తుంది. దాంతో అతుకులు వదులై, లోపలికి రాకూడనివి వస్తాయి. ఇంకో పక్క, పీచుపదార్థాన్ని పులియబెట్టే బాక్టీరియా బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారు చేస్తాయి. అది కణాల్లో కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏల మోతాదును మారుస్తుంది. కాబట్టి బాక్టీరియాకీ ఈ ముక్కలకీ సంబంధం ఉందనడంలో అనుమానం అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం దీనికి ఎదురు దిక్కులో, అంటే మన కణాల నుంచి బాక్టీరియా వైపు జరిగే పని. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నా ఆర్‌ఎన్‌ఏ శాంపిళ్లు వరసగా పాడయ్యేవి. ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో చూసే జెల్ మీద రెండు గీతలు కొట్టొచ్చినట్టు కనిపించాలి. నాకు మాత్రం పైనుంచి కిందిదాకా అలుక్కుపోయిన మసకే వచ్చేది. మన చర్మం మీదే ఆర్‌ఎన్‌ఏని కోసేసే ఎంజైములు ఉంటాయి. గ్లవ్స్ వేసుకున్నాక ఒక్కసారి ముఖం తుడుచుకుని ట్యూబ్ ముట్టుకున్నా పని చెడినట్టే. అందుకే మలంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చెక్కుచెదరకుండా దొరుకుతాయని విన్నప్పుడు నమ్మలేకపోయాను. అసలు సంగతేమిటంటే, కణాలు వాటిని ఊరికే బయట పడేయవు. సన్నని కొవ్వు బుడగల్లో చుట్టి గానీ, ప్రోటీన్‌కి కట్టి గానీ పంపుతాయి.

2016లో హార్వర్డ్‌లోని హోవర్డ్ వీనర్ బృందం ఎలుకల్లో దీన్ని చూపించింది. పేగు కణాలు వదిలిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బాక్టీరియా లోపలికే వెళ్లి వాటి జన్యువుల పనిని మార్చాయి. పేగు కణాల్లో ఈ ముక్కల తయారీని ఆపేసిన ఎలుకల్లో బాక్టీరియా సమతూకం తప్పింది, పెద్దపేగు వాపు ఎక్కువైంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మలం నుంచి తీసిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఇస్తే పరిస్థితి మెరుగుపడింది. ఇది చదివిన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. బాక్టీరియాని మింగి శరీరాన్ని మార్చాలని మనం చూస్తుంటే, శరీరం అప్పటికే తన బాక్టీరియాకి కబురు పంపుతూనే ఉంది!

కానీ ఇందులో ఎక్కువ భాగం ఎలుకల్లో, గాజుపాత్రల్లో పెంచిన కణాల్లో తేలిన విషయం. మీ బాధ తగ్గుతుందా లేదా అనేది మనుషుల మీద చేసిన పరీక్షలే చెప్పాలి. అక్కడ లెక్క స్ట్రెయిన్‌ని (ఒకే జాతిలోని ఉపరకాన్ని) బట్టి మారిపోతుంది. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ పనిచేస్తే ఇంకోటి చేస్తుందన్న భరోసా లేదు.

నా విషయానికొస్తే, కోర్సు అయ్యాక దుకాణంలో దొరికిన, పది రకాలకు పైగా బాక్టీరియా ఉన్న క్యాప్సూల్ మొదలుపెట్టాను. రోజూ ఎన్ని మోషన్స్, ఉబ్బరం ఎంత అని చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పన్నెండో రోజుకి మోషన్స్ అలాగే ఉన్నాయి, ఉబ్బరం పెరిగింది. ఆపేశాను. తర్వాత నాలుగు వారాల్లో మెల్లగా సర్దుకుంది. తర్వాత 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధన వచ్చింది. యాంటీబయాటిక్స్ తర్వాత ప్రోబయాటిక్ మిశ్రమం తీసుకున్నవాళ్లలో సొంత బాక్టీరియా తిరిగి నిలదొక్కుకోవడం నెలల తరబడి ఆలస్యమైందని అందులో ఉంది. నాకూ అదే జరిగిందని అనను, ఒక్క మనిషి నోట్‌బుక్‌తో అది తేలదు.

రెండోసారి యాంటీబయాటిక్స్ అవసరమైనప్పుడు డాక్టర్ మొదటి రోజు నుంచే శాకరోమైసెస్ బౌలార్డీ రాశారు. అది బాక్టీరియా కాదు, ఈస్ట్. కాబట్టి యాంటీబయాటిక్‌కి చావదు. ఈసారి ఇబ్బంది రాలేదు. వాడిన యాంటీబయాటిక్ కూడా వేరే కాబట్టి ఘనతంతా బౌలార్డీకే ఇవ్వలేను. అయినా మొత్తమ్మీద ప్రోబయాటిక్స్‌కి ఆధారం కాస్త గట్టిగా ఉన్నది నివారణ దగ్గరే. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో వీటిని సూచించిన కొద్ది సందర్భాల్లో, యాంటీబయాటిక్స్ వాడేవాళ్లకి సి. డిఫిసిల్ (పేగులో పెరిగి విరేచనాలు తెప్పించే బాక్టీరియా) ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం ఒకటి. అదీ కొన్ని స్ట్రెయిన్లకే.

ఆ పేరు ఎందుకు ఎత్తానంటే, మూడు వారాలుగా నీళ్ల విరేచనాలే అవుతుంటే ముందు చేయించాల్సింది సి. డిఫిసిల్ కోసం మలపరీక్ష. క్యాప్సూల్ సంగతి తర్వాత. జ్వరం, రక్తం, గట్టి కడుపునొప్పి ఉంటే ఒక్క రోజు కూడా ఆగకండి. ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తున్నా, పెద్ద రక్తనాళంలో సెంట్రల్ లైన్ (మందులెక్కించే గొట్టం) ఉన్నా డాక్టర్‌ని అడగకుండా వాళ్లకి ఇవి ఇవ్వొద్దు. అలాంటివాళ్లలో బౌలార్డీ రక్తంలోకి చేరిన కేసులు ఉన్నాయి.

మీ డబ్బా మీద బాక్టీరియా పేరు చివర అక్షరాలో అంకెలో ఉన్నాయేమో చూడండి. ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ తర్వాత జీజీ అని ఉన్నట్టు. అదే స్ట్రెయిన్ గుర్తు. అది ఇక్కడ రాస్తే, దాని మీద మనుషుల్లో జరిగిన పరీక్షలేమైనా ఉన్నాయేమో వెతికి చెప్తాను.