టీపాయ్‌కి ఎపాక్సీ పూత: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు స్వయంగా చేసిన మామిడి చెక్క టీపాయ్ ఫొటోలు చూశాను. కాళ్ల కూర్పు పొందిగ్గా కుదిరింది. దానిపై ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే పూత) పోస్తానన్నావు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు చెక్క ఆరిందో లేదో చూసుకో. మన కాకినాడ గాలిలో, అందులోనూ వానలు ఇంకా పూర్తిగా వెలియని ఈ రోజుల్లో, చేతికి పొడిగా తగిలే పలక లోపల తేమ దాగి ఉంటుంది. తేమ కొలిచే మీటరు 12 శాతం లోపు చూపేదాకా ఆగు. ఆ తరువాత 120 నంబరు గరుకు కాగితంతో చెక్క చారల వెంబడి రుద్ది, పొడి మొత్తం తుడిచెయ్యి. మరీ నున్నగా చేస్తే పూతకు పట్టు దొరకదు.

రెజిన్ (పూతకు అసలు ద్రవం), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలాగే కలపాలి. ఆ పాళ్లు బరువులో చెప్పారా, పరిమాణంలో చెప్పారా అన్నది కూడా చదువు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోసేవారున్నారు, కానీ రెజిన్‌తో జత కుదరక మిగిలిపోయిన హార్డెనర్ పూతను మెత్తగా, జిగటగా ఉంచేస్తుంది. గిన్నె అంచులూ అడుగూ గీకుతూ మూడు నాలుగు నిమిషాలు నిదానంగా కలిపి, వేరే గిన్నెలోకి మార్చి మరో నిమిషం కలుపు. కలిపినది గిన్నెలో కుప్పగా వదిలేస్తే తన వేడికి తానే పొగలు కక్కుతుంది కనుక, వెంటనే పలక మీద పోసెయ్యి.

అన్నిటికన్నా ఎక్కువగా బుడగల గురించి చెప్పాలి. పూజగదికి చేసిన పీట మీద ఒక మే నెలలో, ఉదయం తొమ్మిదింటికి, నేను ఒకేసారి మందంగా పోశాను. ఎండెక్కేకొద్దీ చెక్క వేడెక్కి, రంధ్రాలలోని గాలి ఉబ్బి పైకి వచ్చింది. సాయంత్రానికి చెక్కలోని ముడి చుట్టూ ఆవగింజలంత బుడగలు పూతలోనే గట్టిపడిపోయాయి. మొత్తం గీకి తీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. కాబట్టి నువ్వు సాయంత్రం పూట, చెక్క చల్లబడుతున్న సమయంలో, ప్లాస్టిక్ రేకుతో పలుచగా లాగుతూ మొదటి పూత వెయ్యి. చల్లబడే చెక్క గాలిని బయటికి తోయదు, రెజిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అడుగువైపు కూడా ఒక పూత పడాలి, లేకపోతే తేమను ఒక పక్కే పీల్చి పలక వంకర తిరుగుతుంది.

వేలితో తాకితే అంటుకుంటూ, వేలికి మాత్రం రాని స్థితిలో రెండో పూత వెయ్యి. రాత్రి గడిచి గట్టిపడిపోతే, తేమ గాలికి పైన జిడ్డు పొర ఏర్పడవచ్చు. మంచినీళ్లతో కడిగి, ఆరాక 220 నంబరుతో రుద్దకుండా పైపూత వేయకు.

చేతులకు నైట్రైల్ రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవకు, సబ్బుతో కడుక్కో; ఒకసారి దీని ఎలర్జీ పట్టుకుంటే మళ్లీ ఈ పని ముట్టుకోలేవు.

వారం దాకా టీపాయ్ మీద బరువు పెట్టకు, పొయ్యి మీంచి దించిన గిన్నెను ఎప్పుడూ నేరుగా పెట్టకు. రెండో పూత వేసే రోజు ముందుగా కబురు చెయ్యి, వచ్చి పక్కన ఉంటాను.

మీ మామయ్య