అడవి నాడి చూసే లెక్కలు

ప్రశ్న: యూరప్‌లో అనేక దేశాలు కలిసి అడవుల ఆరోగ్యాన్ని ఏటా పరీక్షిస్తాయని చదివాను. గాలిలోని కాలుష్యాన్ని కొలిచే పరికరాలు ఉండగా చెట్లను కూడా చూడవలసిన అవసరం ఎందుకు వచ్చింది? ఈ పని ఎలా మొదలైంది?

జవాబు: ఈ కథ అడవులతో కాక చేపలతో మొదలైంది. 'ఆమ్ల వర్షం' అన్న మాటను బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872లోనే తన గ్రంథంలో వాడినా, అది ఫ్యాక్టరీలున్న నగరాల బాధగానే చాలా కాలం మిగిలిపోయింది. తరువాతి కాలంలో నగరాల గాలి బాగుపడాలని పొగగొట్టాలను మరింత ఎత్తుగా కట్టారు. దానివల్ల నగరం కొంత ఊపిరి పీల్చుకున్న మాట నిజమే కాని, పొగలోని గంధకం మాయం కాలేదు. వందల కిలోమీటర్లు ప్రయాణించి పరదేశాల నేల మీద ఆమ్ల వానగా దిగింది. స్కాండినేవియా సరస్సులు పుల్లబారి చేపలు నశించడానికి ఇతర దేశాల నుంచి గాలిలో వచ్చి పడుతున్న గంధకమే కారణమని స్వీడన్ నేల శాస్త్రజ్ఞుడు స్వాంటే ఓడెన్ 1967లో ఒక దినపత్రికలో రాసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో స్వీడన్ ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. ఆ వాదోపవాదాల ఫలితంగా 1979 నవంబరు 13న జెనీవాలో, గాలి ద్వారా సరిహద్దులు దాటే కాలుష్యంపై ఒక ఒడంబడిక కుదిరి, 1983లో అమలులోకి వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో తూర్పు, పడమర దేశాలు ఒకే కాగితం మీద సంతకాలు చేయడం చిన్న విషయమేమీ కాదు.

అడవి ఈ కథలోకి జర్మనీ వైపు నుంచి ప్రవేశించింది. గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ బృందం సోలింగ్ కొండల్లో, బీచ్ అనే ఆకురాల్చే చెట్లూ, స్ప్రూస్ అనే సూదాకుల చెట్లూ ఉన్న అడవుల్లో వాన నీటినీ, నేలలో ఇంకే నీటినీ ఏళ్ల తరబడి పరీక్షించింది. ఆమ్లం వల్ల నేలలోని కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోతాయనీ, కరిగిన అల్యూమినియం సన్నటి వేళ్లను దెబ్బతీస్తుందనీ, చివరికి చెట్టే కూలుతుందనీ ఉల్రిచ్ హెచ్చరించారు. 1981లో 'డెర్ ష్పీగెల్' వారపత్రిక అడవి చచ్చిపోతోందంటూ వరుస కథనాలు ప్రచురించడంతో, 'అడవి చావు' అనే అర్థమిచ్చే 'వాల్డ్‌స్టెర్బెన్' అన్న జర్మన్ మాట ఇంటింటికీ చేరింది. ఆ భయంలోంచే 1985లో, జెనీవా ఒడంబడిక నీడన, మీరు చదివిన ఆ ఏటేటా పరీక్షను నడిపే 'ఐసీపీ ఫారెస్ట్స్' అనే ఉమ్మడి కార్యక్రమం పుట్టింది.

ఇక పరికరాలు ఉండగా చెట్లెందుకన్న మీ సందేహానికి వస్తాను. గాలిలో ఎంత విషం ఉన్నదో పరికరం చెబుతుంది కాని, అందులో ఎంత అడవిలోకి దిగిందో చెప్పదు. చెట్టు తల దువ్వెన వంటిది. గాలిలో తేలే పొడి కణాలనూ, పొగమంచు బిందువులనూ తన ఆకులతో వడకట్టి పట్టుకుంటుంది, తరువాత వాన వాటిని కడిగి కిందికి దించుతుంది. అందుకే ఆరుబయట పెట్టిన పాత్రలోని నీటిలో కంటే స్ప్రూస్ చెట్ల కింద పెట్టిన పాత్రలోని నీటిలో గంధకం చాలా ఎక్కువగా ఉంటుంది. ఈ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి పోల్చడమే ఈ రంగంలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే తెలివైన ఉపాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: చెట్టు ఆరోగ్యాన్ని ఏ లెక్కన నిర్ణయిస్తారు?

జవాబు: కంటితోనే. యూరప్ పటం మీద 16 కిలోమీటర్లకు ఒక గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీసి, ఆ గీతలు కలిసే చోట అడవి ఉంటే అక్కడి కొన్ని చెట్లను ఎంచుకుంటారు. ప్రతి వేసవిలో శిక్షణ పొందినవారు ఆ చెట్ల తలలను పరిశీలించి, నిండైన ఆకులున్న చెట్టుతో పోలిస్తే ఎంత ఆకు తక్కువగా ఉన్నదో 5 శాతం మెట్లలో అంచనా వేస్తారు. లోటు 25 శాతం దాటితే ఆ చెట్టును దెబ్బతిన్నదానిగా లెక్కిస్తారు. నిండైన చెట్టు అంటే ఏది అన్న విషయంలో దేశానికొక ఊహ ఉండటం వల్ల, అడవి ఒకటే అయినా సరిహద్దు దగ్గర అంకెలు ఒక్కసారిగా మారిపోవడం కనిపించింది. ఉమ్మడి శిక్షణలు, ఒకే చెట్టును వేర్వేరు దేశాలవారి చేత చూపించి పోల్చడం వంటివి ఈ లోపాన్ని తగ్గించాయే తప్ప పూర్తిగా తీర్చలేదు. కాబట్టి ఒక దేశపు అంకెను పొరుగు దేశపు అంకెతో పోల్చడం కన్నా, దాని పాత అంకెలతోనే పోల్చడం క్షేమం.

పైగా, ఆకు ఎందుకు రాలిందో కన్ను చెప్పలేదు. కారణాలు వెతకడానికి 1990లలో కొన్ని వందల స్థలాలను లోతైన పరిశీలన కోసం వేరు చేశారు. అక్కడ వాన నీరు, నేల నీరు, ఆకుల్లోని పోషకాలు, రాలిన ఆకులూ పుల్లలూ, కాండం చుట్టుకొలత, ఓజోన్ వంటివన్నీ కొలుస్తారు. ఒకే నీటి నమూనాను వేర్వేరు ప్రయోగశాలలకు పంపి, ఎవరి ఫలితం ఎంత తేడాగా వచ్చిందో చూసే అలవాటు కూడా ఉన్నది.

ప్రశ్న: ఇంతకూ ఆ అడవులు చచ్చిపోయాయా?

జవాబు: మొత్తం మీద లేదు. గోధుమరంగు బొగ్గు (లిగ్నైట్) పొగలో మునిగిన చెక్ సరిహద్దులోని ఓర్ పర్వతాల వంటి చోట్ల స్ప్రూస్ అడవులు నిజంగానే పెద్ద ఎత్తున నశించాయి. అక్కడి సంగతిని అతిశయోక్తి అనడం అన్యాయం. తక్కిన యూరప్‌లో మాత్రం, భయపడినట్టు అడవులు మూకుమ్మడిగా కూలలేదు. కొన్ని కొండల్లో స్ప్రూస్ ఆకులు పసుపుబారడానికి మెగ్నీషియం కొరత ముఖ్య కారణమని తేలింది. భయం ఎక్కువైన మాట ఒప్పుకోవలసిందే కాని, ఆ భయమే చట్టాలను కదిలించిందని కూడా ఒప్పుకోవాలి. గంధకం ఉద్గారాలను 1980 నాటి స్థాయి కంటే కనీసం 30 శాతం తగ్గించాలని 1985లో హెల్సింకిలో ఒప్పందం కుదిరింది. 1994లో ఓస్లోలోనూ, 1999లో గోథెన్‌బర్గ్‌లోనూ మరింత కఠినమైన ఒప్పందాలు వచ్చాయి. చెట్ల కింది పాత్రల్లో గంధకం బాగా తగ్గింది. నత్రజని అంతగా తగ్గలేదు. అందులో పెద్ద వాటా వాహనాలదీ, పశుపోషణ నుంచి వచ్చే అమోనియాదీ.

2003, 2018 సంవత్సరాల కరువుల తరువాత ఆకు నష్టం లెక్కలు మళ్లీ వార్తలకెక్కాయి. గంధకం కోసం మొదలుపెట్టిన స్థలాలే ఇప్పుడు ఎండకూ, బెరడు పురుగుకూ సాక్ష్యం చెబుతున్నాయి. ఆ అంకెలు చదివేటప్పుడు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. చచ్చిన చెట్టును నరికేశాక దాని స్థానంలో పక్కనున్న బతికిన చెట్టును లెక్కలోకి తీసుకుంటే, అడవి పలచబడినా సగటు అంకె మెరుగైనట్టు కనిపిస్తుంది. కాబట్టి ఆకు నష్టపు సగటుతో పాటు, ఆ ఏడాది ఎన్ని చెట్లు చచ్చాయి, ఎన్నిటిని నరికారు అన్న పట్టికను కూడా తప్పక చూడాలి.