సమాధానం: ఇంటి వెనుక కోతి చనిపోతే ఎల్లో ఫీవర్ వస్తుందా?

బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో అడవిని ఆనుకున్న ఇంట్లో ఉంటున్నామని, పెరటి వెనుక ఒక హౌలర్ కోతి చచ్చిపడి ఉందని, ఇరుగుపొరుగువారు కోతులను తరిమేయాలంటున్నారని, వచ్చే నెల పిల్లవాడితో హైదరాబాదుకు రావాలని రాశారు.

ఎల్లో ఫీవర్ అనే వైరస్ జ్వరం కోతి నుంచి మనిషికి నేరుగా సోకదు. చెట్టు తొర్రల్లో నిలిచిన నీటిలో పెరిగే హేమగోగస్, సబేథిస్ జాతుల దోమలే దానిని మోస్తాయి. అవి పగటిపూట కుడతాయి కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. పెరట్లోకి వెళ్లేటప్పుడు నిండు చేతుల బట్టలు, దోమల నివారణ క్రీము తప్పనిసరి. హౌలర్ కోతులు ఈ వైరస్‌కు మనకంటే త్వరగా బలైపోతాయి కాబట్టి వాటి మరణమే మనకు ముందుగా అందే హెచ్చరిక. 2016–18లో బ్రెజిల్‌లో ఈ జ్వరం విజృంభించినప్పుడు భయంతో కోతులను కొట్టి చంపినవారు ఆ హెచ్చరికనే పోగొట్టుకున్నారు, అది నా దృష్టిలో శుద్ధ అవివేకం. కళేబరాన్ని తాకకుండా పురపాలక ఆరోగ్య విభాగానికి తెలియజేయండి.

టీకా ఇంకా వేయించుకోకపోతే రేపే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, అక్కడ ఉచితం. అయితే 2018లో అక్కడ కొందరికి ఐదో వంతు మోతాదే ఇచ్చారు, అది ప్రయాణానికి చూపాల్సిన అంతర్జాతీయ టీకా ధ్రువపత్రానికి చెల్లదు కనుక పూర్తి మోతాదు అడగండి. ధ్రువపత్రం పది రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, అది లేకుండా భారత్‌లో దిగితే క్వారంటైన్‌లో ఉంచుతారు. పిల్లవాడికి తొమ్మిది నెలలు నిండకపోయినా, మీరు గర్భవతి అయినా, ఎవరికైనా గుడ్డు తీవ్రంగా పడకపోయినా ముందుగా వైద్యుడికి చెప్పండి.