ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే ఆంప్లిఫయర్‌లో గుయ్‌మని హమ్ ఎందుకు వస్తుంది?

ముందు ఛార్జర్ పీకి చూడండి, హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ అనే అనుకోవచ్చు. రెండు పరికరాలూ ప్లగ్ ఎర్త్ ద్వారా ఒకసారి, ఆడియో కేబుల్ షీల్డ్ (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు పొర) ద్వారా ఇంకోసారి కలుస్తాయి కాబట్టి ఆ చుట్టులో చిన్న కరెంటు తిరుగుతుంది, షీల్డ్‌కి ఉన్న కాస్త రెసిస్టెన్స్ మీద అది పుట్టించే వోల్టేజ్ నేరుగా సిగ్నల్‌లో కలిసి 50 హెర్ట్జ్ హమ్‌గా వినిపిస్తుంది.

రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే ఇన్‌పుట్ కేబుల్ మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపులా తీగలు కలవకుండా సిగ్నల్‌ని మాత్రం దాటించేది) పెట్టండి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (సిగ్నల్‌ని రెండు తీగల్లో తీసుకుని, రెంటికీ ఒకేలా వచ్చిన హమ్‌ని కొట్టేసేది) ఉంటే అదే వాడండి, నా లెక్కలో దాన్ని మించింది లేదు. ఇన్‌పుట్ వైరు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోకూడదు. లూప్ తెగుతుంది కదా అని ఎర్త్ పిన్ను మాత్రం దయచేసి విరగ్గొట్టకండి, లోపల ఇన్సులేషన్ పోతే బాడీకి కరెంటు వచ్చి ప్రాణం మీదకొస్తుంది.