ఇథాకా చిన్న ఊరే, కానీ చూడాల్సింది ఊరి సైజు కాదు

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఎం.ఇంజ్. (ఏడాదిలో అయ్యే ఇంజనీరింగ్ మాస్టర్స్) కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. డల్లాస్ దగ్గర రెండేళ్ల ఎం.ఎస్. కూడా వచ్చింది, అక్కడ మా చుట్టాలున్నారు. కార్నెల్ ఉన్న ఇథాకా మరీ చిన్న ఊరట. ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందా? మేం చూడటానికి వెళ్లగలమా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: చిన్నదేనమ్మా. జనాభా సుమారు 32 వేలు, మీ తెనాలిలో ఐదో వంతు. అయితే కంపెనీలు ఊరిని చూసి రావు, కాలేజీని చూసి వస్తాయి. నాకున్న టెన్షన్ వేరు. ఎం.ఇంజ్. మామూలుగా ఆగస్టులో మొదలై మే నెలకి అయిపోతుంది. మధ్యలో వేసవి ఉండదు కాబట్టి ఇంటర్న్‌షిప్‌కి చోటే లేదు. దిగిన నెలలోనే ఉద్యోగాల వేట మొదలుపెట్టాలి. అమ్మాయికి ఇక్కడ రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉంటే కార్నెల్‌కే పంపండి. నేరుగా బీటెక్ నుంచి వెళ్తుంటే డల్లాస్ గురించి ఆలోచించండి, చుట్టాల కోసం కాదు, మధ్యలో వచ్చే ఆ ఒక్క వేసవి కోసం.

ఇక ఊరి సంగతి. క్యాంపస్ కొండ మీద, బజారు కింద. నవంబరు నుంచి మార్చి దాకా మంచులో ఆ ఎత్తు ఎక్కడం సరదా కాదు. టీక్యాట్ అనే సిటీ బస్సులున్నాయి, ఇల్లు బస్సు దారిలో చూసుకోమనండి. క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న కాలేజ్‌టౌన్‌లో అద్దెలకీ ఊరి సైజుకీ అస్సలు పొంతన ఉండదు, చాలా ఎక్కువ. పైగా అగ్రిమెంట్లు ఎక్కువగా ఏడాదికి రాయించుకుంటారు. చదువు మే నెలలో అయిపోయినా జూన్, జులై అద్దె చేతి నుంచి పడుతుంది. వేసవిలో ఊరు సగం ఖాళీ, ఆ గదిలోకి ఇంకొకరు దొరకడం కష్టం. లోన్ లెక్క వేసేటప్పుడు ఈ రెండు నెలలూ కలపండి.

మీ ప్రయాణానికి న్యూయార్క్ నుంచి బస్సులో సుమారు ఐదు గంటలు. స్నాతకోత్సవం మే చివర్లో ఉంటుంది. ఉన్న కాసిని హోటళ్లూ నెలల ముందే నిండిపోతాయి, తేదీ తెలిసిన రోజే గది బుక్ చేయండి. ఊరి అందం చూడాలంటే మాత్రం ఆకులు ఎర్రబడే అక్టోబరే మేలు. కయూగా సరస్సు పక్కనే టగానక్ జలపాతం ఉంది, 215 అడుగులు, నయాగరా కంటే ఎత్తు. కింది దారి దాదాపు చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా నడవచ్చు. బజారులో సూర్యుడితో మొదలై గ్రహాలన్నీ దూరాల లెక్కన వరుసగా నిలబెట్టిన ఒక నడక దారి ఉంది. కార్నెల్‌లో పాఠాలు చెప్పిన ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ జ్ఞాపకార్థం కట్టారు. మీవారిని అక్కడికి తీసుకెళ్లండి. మే నెలే కదా అని స్వెటర్ మర్చిపోవద్దు.